రంపం తిండి

ఆరడుగుల చెక్కను సరిగ్గా మధ్యలో కోస్తే రెండు మూడడుగుల ముక్కలు వస్తాయని నమ్మేవాళ్లు రెండే రకాలు. జన్మలో చెక్క కోయనివాళ్లు ఒకరు, లెక్కల టీచర్లు ఇంకొకరు. నిజానికి వచ్చేవి మూడడుగులకు పిసరంత తక్కువైన రెండు ముక్కలు, కింద గుప్పెడు పొట్టు. రంపం పళ్లు ఎంత మందముంటే అంత చెక్కను కోసేటప్పుడే పొడి చేసేస్తాయి. ఆ పోయినదాన్ని ఈ ముక్కకూ చేర్చలేం, ఆ ముక్కకూ చేర్చలేం. దాన్నే రంపం తిండి అంటారు. వడ్రంగులందరూ అలాగే అంటారో లేదో నాకు తెలియదు. నాకు చెప్పిన ముసలాయన అలా అన్నాడు. ఆ మాట నాకు అన్నం పెట్టింది కాబట్టి నేను దాన్నే వాడతాను.

అన్నం పెట్టిందని ఊరికే అనడం లేదు. ఇన్నేళ్ల ఆఫీసు ఉద్యోగంలో ఏ మేనేజరైనా "ఈ పని ఇద్దరికి పంచితే సగం రోజుల్లో అయిపోతుంది కదా" అన్నప్పుడల్లా, "రంపం తిండి తీశారా?" అని అడుగుతూ వచ్చాను. మొదట్లో నవ్వేవారు. రెండు ప్రాజెక్టులు మునిగాక నవ్వడం మానేశారు. ఒక కొత్త ఇంజినీరు అదేదో కొత్త టూల్ అనుకుని ఎక్కడ నేర్పుతారని అడిగాడు. అమీర్‌పేటలో అని చెప్పాను. అది అబద్ధం కాదు.

వాడేముందు ఒక్క జాగ్రత్త. పనివాడు చేతకాక పాడుచేసింది రంపం తిండి కాదు. చెద తిన్నదీ కాదు, ఎవరో ఎత్తుకుపోయిందీ కాదు. కోత ఎంత శుభ్రంగా ఉన్నా, కోసే చెయ్యి ఎంత నమ్మకమైనదైనా తప్పకుండా పోయేది మాత్రమే రంపం తిండి. ఈ తేడా తెలియక ఒక ఆదివారం అమీర్‌పేటలో నా బతుకు బస్సెక్కబోయింది.

పంజాగుట్ట చౌరస్తాలో ఫ్లైఓవర్ పని నడుస్తున్న రోజులవి. అమీర్‌పేటలో గోడ ఖాళీగా కనిపిస్తే దాని మీద కోర్సు పేరు రాసేవారు, మనిషి ఖాళీగా కనిపిస్తే చేతిలో పాంప్లెట్ పెట్టేవారు. నేను డిగ్రీ పూర్తి చేసి, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నేర్చుకుంటే మూడు నెలల్లో ఉద్యోగమని విని, పెట్టె సర్దుకుని దిగాను. వెంట మా బాపు, అంటే మా నాన్న, వచ్చాడు. మాది మగ్గాల ఊరు. బాపు మగ్గం వదిలేసి కుట్టుమిషన్ పట్టిన మనిషి. నన్ను పంపడం ఆయనకు ఇష్టం లేదు. ఇష్టం లేదని నోటితో అనడు, షరతు పెడతాడు. ఆ రోజు షరతు బస్సు దిగగానే చెప్పాడు.

"నువ్వు పండుకునే మంచం నా కండ్లతోని చూస్తే ఉండు బిడ్డా. లేకపోతే ఆరు గంటల బస్సుకు నాతోని రా."

బ్యాచ్ సోమవారం మొదలు. మూడు లేడీస్ హాస్టళ్లు తిరిగాం. ఒకదాంట్లో ఖాళీ లేదు. ఇంకోదాంట్లో ఖాళీ లేదని చెప్పడానికి కూడా ఎవరికీ ఖాళీ లేదు. మూడోదాంట్లో వంటగది అటక చూపించారు. అది చూసి బాపు ముఖం వెలిగింది. నాలుగోది, పంజాగుట్ట వైపు వెళ్లే సందులో నాలుగంతస్తుల ఇల్లు. మొదటి అంతస్తులో కోచింగ్ సెంటరు, పైన హాస్టలు, కింద సెల్లార్ నిండా స్కూటర్లు. దాని ఓనరమ్మది గుంటూరు వైపు. ముప్ఫై ఏళ్లు బడిలో లెక్కలు చెప్పి రిటైరయ్యాక ఈ హాస్టల్ పెట్టింది. పిల్లలందరూ ఆంటీ అనేవారు.

"ఇప్పుడు ఖాళీ లేదమ్మాయ్. సాయంత్రానికి ఉంటుంది," అంది ఆవిడ.

"ఎవరన్నా ఖాళీ చేస్తున్నారా ఆంటీ?"

"ఎవరూ చెయ్యట్లేదు."

ఆవిడ చూపించిన గది గోడ నుంచి గోడకు పదిహేడున్నర అడుగులు. అందులో ఆరు టేకు మంచాలు, మధ్యలో వేలు దూరే సందు కూడా లేకుండా పక్కపక్కనే. కాళ్ల వైపు నుంచి ఎక్కాలి, కాళ్ల వైపు నుంచే దిగాలి. ఎక్కడో మూతపడిన లాడ్జి నుంచి కొన్న మంచాలవి. ఒక్కోటి ముప్ఫై అయిదంగుళాల వెడల్పు. ఏడో మంచం చట్రం ఒకటి డాబా మీద పడి ఉంది, దాని పలకలు వానకు పుచ్చిపోయాయి. ఆంటీ నోట్‌బుక్ తెరిచి లెక్క చూపించింది. ఒక్కో మంచం నుంచి నిలువునా అయిదంగుళాల పట్టీ కోస్తే ప్రతి మంచమూ ముప్ఫై అంగుళాలవుతుంది. ఆరైదులు ముప్ఫై. ఆ ఆరు పట్టీలూ ఏడో చట్రానికి పరిస్తే అదీ ముప్ఫై. ఏడు ముప్ఫైలు గదికి సరిగ్గా గోడ నుంచి గోడకు. కింద రెండు గీతలు కొట్టి, శేషం సున్నా అని రాసింది. ఆ సున్నా చుట్టూ మళ్లీ ఒక సున్నా చుట్టింది.

"మరి ఈ పిల్లలు ఒప్పుకున్నారా?" అని అడిగాను.

"నిద్రలో ఏ పిల్లా ఇరవై నాలుగంగుళాలకు మించి వాడుకోదమ్మాయ్. నేను కొలిచాను."

"నన్నెప్పుడు కొలిచారండీ?" అంది చివరి మంచం మీదున్న గోదావరి జిల్లా అమ్మాయి, దుప్పటి గడ్డం దాకా లాక్కుంటూ. ఆంటీ ఆ ప్రశ్న విననట్టే నోట్‌బుక్ మూసింది. అత్త సొమ్ము అల్లుడు దానం అంటారు కదా, నా మంచం ముమ్మాటికీ అదే. ఆరుగురి పక్కల్లోంచి కోసి నాకు పక్క వేస్తున్నారు. ఆ ఆరుగురూ నన్ను చూసిన చూపుకు నేను అక్కడికక్కడే ఇరవై నాలుగంగుళాలకు ముడుచుకుపోయాను.

కోచింగ్‌కు వచ్చేవాళ్లను తప్పిస్తే, ఆ హాస్టల్లో మగవాళ్లకు సెల్లార్‌లోని ఆఖరి స్కూటర్ దాకానే అనుమతి. అందుకని వడ్రంగి పైకి రావడానికి లేదు, మంచాలే కిందికి రావాలి. ఆ ఆరుగురు అమ్మాయిలూ, ఏడోదాన్ని నేనూ కలిసి ఆరు టేకు మంచాలనూ ఒక చట్రాన్నీ మెట్ల మీదుగా దించాం. మొదటి అంతస్తులో డెమో క్లాసు కోసం మెట్ల నిండా జనం. మంచాలు వస్తుంటే గోడలకు అతుక్కుని దారిచ్చారు. ఒకతను నాలుగో మంచం వెళ్లేదాకా ఊరుకుని, "మేడం, ఇది ఏ కోర్సు?" అని అడిగాడు. గోదావరి అమ్మాయి "హార్డ్‌వేర్" అని చెప్పింది. అతను రాసుకున్నాడు.

వడ్రంగి యూసుఫ్‌గూడ నుంచి వచ్చాడు. అరవై దాటిన ముసలాయన, సన్నగా, తల మీద తెల్ల టోపీ. అమ్మాయిలందరూ చాచా అన్నారు, నేనూ అన్నాను. ఆయన మంచాలను ఒకసారి చూశాడు, నోట్‌బుక్‌లో సున్నాను ఒకసారి చూశాడు.

"అమ్మా, గీ పట్టీలు ఆరు కలిపినా ముప్ఫై రాదు. జర తక్కువనే వస్తది."

"ఎందుకు రాదు? ఆరైదులు ముప్ఫై."

"రంపం తింటది గదమ్మా. మల్ల చిత్రిక పట్టాలె, గదీ తింటది. రంపం తిండి తియ్యకుండ లెక్క కుదరదు."

"దానికేం ఆకలయ్యా తినడానికి? నువ్వు గీత మీద కొయ్యి, చాలు. లెక్క నేను చూసుకుంటాను."

చాచా అమ్మాయిలవైపు తిరిగి, "మీ మంచాలు పూరా ముప్ఫై ఉంటయ్ బేటా, ఫికర్ జెయ్యకుండ్రి. తిండి అంత పట్టీలకెల్లే పోతది," అన్నాడు. అంటే పోయేదంతా నా మంచంలోంచే పోతుందన్నమాట. నాకు అది అప్పుడు అర్థం కాలేదు. ఆయన మంచిమనిషి అనుకుని నేనూ నవ్వాను.

కోత మొదలైంది. బాపు ఆఖరి స్కూటర్‌కు ఇవతల బోర్లించిన బకెట్ మీద కూర్చుని చూస్తున్నాడు. గంటకోసారి టైమెంతయిందని అడుగుతున్నాడు, ఆయన చేతికే గడియారం ఉంది. ఒక్కో పట్టీ విడిపోయి చిత్రిక పట్టడం అయిన వెంటనే గోదావరి అమ్మాయి ఎర్ర నెయిల్‌పాలిష్‌తో దానిమీద అంకె వేసింది. ఎవరి మంచం పట్టీకి వాళ్ల అంకె.

"ఎందుకు?" అన్నాను.

"మేం ఖాళీ చేసేటప్పుడు ఎవరి పట్టీ వాళ్లం పట్టుకెళ్తాం."

"పట్టుకెళ్లి ఏం చేస్తారు?"

"అది మా ఇష్టం. ఆరడుగుల చెక్క ఇస్తున్నాం, ఏంటి ఇన్ని ప్రశ్నలు?"

మధ్యాహ్నం రెండు గంటలకు ఆరు పట్టీలూ తయారయ్యాయి. చాచా ఏడో చట్రాన్ని కూడా ముప్ఫై అంగుళాలకు తగ్గించి బిగించాడు, పట్టీలను ఒకదాని పక్కన ఒకటి పేర్చాడు. ఆరోది పెట్టాక కూడా ఒక పక్క సందు మిగిలింది. నా నాలుగు వేళ్లు అడ్డంగా పట్టేంత సందు. అందులోంచి కింద సెల్లార్ నేల, దానిమీద ఒక స్కూటర్ కార్చిన నూనె మరక కనిపించాయి.

ఆంటీ చెక్క స్కేలు తెచ్చింది. బడిలో ఏళ్ల తరబడి గీతలూ గీసి, పిల్లల చేతుల మీద దెబ్బలూ వేసిన స్కేలది. ఒక్కో పట్టీనీ మూడేసి సార్లు కొలిచింది. నాలుగున్నర, నాలుగున్నర, నాలుగున్నర. అన్నీ నాలుగున్నరే. మొత్తం ఇరవై ఏడు.

"మూడంగుళాలు ఏవి?" అంది.

కాపీ కొట్టిన పిల్లల్ని ముప్ఫై ఏళ్లు నిలదీసిన గొంతు అది. సెల్లార్‌లో ఉన్న తొమ్మిదిమందిమీ నిటారుగా నిలబడ్డాం. బాపు కూడా బకెట్ మీంచి లేచాడు.

"చెప్పిన గదమ్మా. రంపం తిన్నది."

"తిన్నది ఎక్కడుంది?"

చాచా నేల వైపు చూపించాడు. ఆంటీ చీపురు తెప్పించి పొట్టంతా ఊడిపించింది. మేడ మీంచి బియ్యం డబ్బా తెప్పించి కొలిపించింది. రెండు డబ్బాలు నిండి, మూడోది సగమైంది. ఆవిడ ఆ డబ్బాలను చూసింది, సందును చూసింది, అనుమానం పెంచుకుంది. చెక్కగా పోయింది మూడంగుళాలేనట, పొట్టుగా ఇంత ఎలా వచ్చిందట. చిత్రిక తీసిన సుడులు వేరే కుప్పగా ఉన్నాయి, వాటిని ఏ డబ్బాలో కొలవాలో ఎవరికీ తెలియలేదు. ఒక అమ్మాయి వాటిని విప్పి పక్కపక్కన పరిచి స్కేలుతో కొలవబోయింది, అవి మళ్లీ చుట్టుకుపోయాయి.

"ముప్ఫై ఏళ్లు చెప్పానయ్యా ఎక్కాలు. ఆరైదులు ఇరవై ఏడు అనే చోట నేను ఉండలేను," అంది ఆంటీ. ఆ తర్వాత అనకూడని మాట అంది. "సంచీ చూపించు."

ఆరడుగుల చెక్క రెండడుగుల సంచిలో ఎలా పడుతుందో ఆ లెక్కల టీచరుకే తెలియాలి. చాచా ఒక్క క్షణం ఆవిడ ముఖంలోకి చూశాడు. సంచీ తీసి నేల మీద బోర్లించాడు. ఉలులు, సుత్తి, చిత్రిక, మేకుల డబ్బా, సగం తిన్న రొట్టె పొట్లం పడ్డాయి. చెక్క పడలేదు.

"చోర్ గాణ్ని కాదమ్మా నేను," అని, ఖాళీ సంచీ, రంపం అన్నీ అక్కడే వదిలేసి, రోడ్డు దాటి ఎదురుగా ఉన్న ఇరానీ హోటల్లోకి వెళ్లి కూర్చున్నాడు.

పట్టీలు చట్రం మీద ఊరికే పడి ఉన్నాయి. ఒక్క మేకు కూడా పడలేదు. వేలు పెడితే జారిపోయే మంచం మీద నా ఉద్యోగం, నా మూడు నెలలు, నా హైదరాబాదు అన్నీ ఉన్నాయి. బాపు నా పెట్టె అందుకున్నాడు.

"మూడున్నరైంది. పద బిడ్డా, బస్సుకు టైమైతది."

ఆయన గొంతులో బాధ లేదు. దానికే నాకు మండింది.

"నీకు సంతోషంగున్నది గదా బాపూ," అన్నాను. ఏడుపు ఆగలేదు, ఆరుగురు కొత్త అమ్మాయిల ముందే ఏడ్చాను. బాపు లేదు అనలేదు. ఆయనకు అబద్ధాలు చెప్పడం రాదు, అదొక జబ్బు మా ఇంట్లో.

పెట్టెతో రెండడుగులు వేసి ఆగాడు. కింద చాచా పనిముట్లు చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. పెట్టె పక్కన పెట్టాడు. ఒంగి ఒక్కో ఉలినీ ఏరి, భుజం మీది తువ్వాలతో తుడిచి, సంచిలో పెట్టాడు. చిత్రిక బ్లేడుకు మట్టంటింది, దాన్ని ఎక్కువసేపు తుడిచాడు. మా ఊళ్లో బట్ట కుట్టించుకున్న ప్రతి రెండో మనిషీ "మిగిలిన ముక్క ఏదీ? దాసుకున్నవా?" అని నవ్వుతూ అడిగేవారు. బాపు కూడా నవ్వేవాడు. ఆ నవ్వు వెనక ఏముందో నాకు ఆ సెల్లార్‌లో మొదటిసారి కనిపించింది.

"అమ్మా, మీరు జాకెట్టుకు ఎంత బట్ట తెస్తరు?" అని అడిగాడు ఆంటీని.

"మీటరు. ఏం?"

"ఒంటికి కొలిచినంతనే కోసి కుడితే పడుతదా?"

"కుట్లలోకి పోతుంది కదండీ, వదలాలి."

"గా పోయింది టైలర్ దొంగతనం చేసినట్టేనా?"

"అదెలా అవుతుంది? విప్పితే కుట్టు లోపల బట్ట కనిపిస్తుంది. ఇక్కడ విప్పితే ఏం కనిపిస్తుంది?" ఆంటీ సామాన్యురాలు కాదు. బాపు డబ్బాల్లోని పొట్టు చూపించాడు. ఆవిడ తల అడ్డంగా ఊపింది. పొట్టును తిరిగి చెక్క చెయ్యమంది.

బాపు జేబులోంచి కుట్టు సుద్ద తీసి నేల మీద ఒక గీత గీశాడు.

"గీ గీతకు వెడల్పు ఎంతమ్మా?"

"గీతకు వెడల్పు ఉండదు. పొడవు ఒక్కటే," అంది ఆంటీ వెంటనే. అది ఆవిడ బడిలో చెప్పిన మొదటి పాఠమట.

"మీరు పలక మీద గీసే గీతకు ఉండదు. గా భాయ్ గీసే గీతకు పండ్లుంటయమ్మా," అని బాపు రంపాన్ని పళ్లు పైకి పెట్టి ఎత్తి, వాటికి అడ్డంగా ఆవిడ స్కేలు ఆనించాడు. "సూడుండ్రి. గీ పండ్లు ఎంత మందమున్నయో గీ గీత అంత మందం."

ఆంటీ కళ్లజోడు పెట్టుకుని వంగింది. పళ్లు ఒకటి అటు, ఒకటి ఇటు వంగి ఉన్నాయి. అంగుళంలో ఎనిమిదో వంతు. మిగతాది చిత్రిక తిన్నదని పక్కనున్న సుడుల కుప్పే చెబుతోంది. చాలాసేపు అలాగే వంగి ఉంది. ఆవిడ ముప్ఫై ఏళ్ల పాఠానికి ఎవరో పళ్లు మొలిపించినట్టయింది. లేచి, ఎవరికీ కాకుండా, "ఇది సిలబస్‌లో లేదు," అంది.

నన్ను ఇరానీ హోటల్‌కు పంపింది. చాచా రెండో చాయ్ తాగుతున్నాడు. రమ్మంటే రానన్నాడు. ఆవిడ తన తరఫున సారీ చెప్పమందన్నాను. సారీ వద్దన్నాడు.

"ఆరైదులు ఇరవై ఏడు అనమను. అందరి ముంగట. వస్త."

రోడ్డు దాటి వచ్చి చెప్పాను. ఆంటీ ప్రాణం పోయినా అననంది. ఎక్కం మార్చడానికి తనకు అధికారం లేదంది. మళ్లీ రోడ్డు దాటాను. అమీర్‌పేట ఆదివారం ట్రాఫిక్‌లో ఆరుసార్లు దాటాను, ఒకసారి ఆటోవాడు ఇంటికి పొమ్మని తిట్టాడు. పోవాల్సి వస్తుందేమోనన్నదే నా బాధ అని వాడికేం తెలుసు. నాలుగున్నర దాటింది. చివరికి ఆంటీ చీర కుచ్చిళ్లు పట్టుకుని తానే రోడ్డు దాటింది. జన్మలో ఇరానీ హోటల్ గడప తొక్కని మనిషి చాచా టేబుల్ ముందు నిలబడింది.

"ఆరైదులు ముప్ఫై," అంది. చాచా ముఖం తిప్పేసుకున్నాడు. ఆవిడ గొంతు సవరించుకుని మళ్లీ అంది. "ఆరైదులు ముప్ఫై. రంపం తిండి పోను ఇరవై ఏడు."

చాచా "గిది సుత కరెక్టే," అని లేచాడు. వడ్రంగి కాని మనిషి ఆ మాటను వాడాల్సిన చోట, వాడాల్సినట్టు వాడగా నేను విన్నది అదే మొదలు. హోటల్ ఓనరు ఆంటీకి చాయ్ పంపాడు. ఆవిడ నిలబడే తాగేసింది.

తర్వాతి పని చూడముచ్చటగా సాగింది. ఈలోగా కోసిన ఆరు మంచాలనూ అమ్మాయిలు పైకి చేర్చి వచ్చారు. చాచా సందును ఒక పక్కన ఉంచలేదు. "తిన్నదాన్ని ఒక్క తాన దాసిపెడితే కాలు ఇరుకుతది. అంతట పరుచాలె," అని ఆరు పట్టీలనూ ఎడం చేసి మూడంగుళాలనూ ఆ అయిదు సందులకూ పంచాడు. సందులన్నీ సమంగా రావాలని బాపు సుద్దతో గుర్తులు పెట్టాడు, పట్టీ చివర్లు పట్టుకున్నాడు. ఇద్దరూ ఒకరితో ఒకరు పెద్దగా మాట్లాడుకోలేదు. ఒకాయన ఊఁ అంటే ఇంకొకాయన మేకు అందించాడు. తను గెలవకుండా ఉండడానికే పని చేస్తున్నానని బాపుకు తెలుసో లేదో నాకు తెలియదు. అయిదుంబావుకు మంచం నిలబడింది, ఒకటి నుంచి ఆరు దాకా ఎర్రంకెలతో.

"అయిదు నిమిషాలు సూస్త," అని బాపు చెప్పులు విడిచి దానిమీద నడుం వాల్చాడు. పరీక్షగా ఇటు తిరిగాడు, అటు తిరిగాడు. పట్టీలు కిర్రుమనలేదు. మేం తొమ్మిదిమందిమీ చుట్టూ నిలబడి ఫలితం కోసం చూస్తున్నాం. అయిదు నిమిషాలయ్యాయి. పది అయ్యాయి. గోదావరి అమ్మాయి వంగి చూసి, "నిద్రపోయారే!" అని గుసగుసలాడింది.

లేపుదామని చెయ్యి చాపి ఆగిపోయాను. నేను కోర్సు ఫారం నింపిన రోజు నుంచి బాపు కంటికి నిద్ర లేదని పొద్దున అమ్మ చెప్పింది. ఆంటీకి ఇంకో ఇబ్బంది వచ్చింది. ఆయన తల ఆఖరి స్కూటర్‌కు ఇవతలే ఉంది కానీ కాళ్లు అనుమతి దాటి లోపలికి వచ్చాయి. ఆవిడ కాసేపు బాధపడి, స్కూటర్‌ను మూడడుగులు వెనక్కి జరిపించింది. కోచింగ్ సెంటర్ నుంచి దిగుతున్నవాళ్లకు చాచా నోటి మీద వేలేసి చూపించాడు, వాళ్లు మునివేళ్ల మీద వెళ్లారు. ఆరు గంటల బస్సు జూబ్లీ బస్‌స్టేషన్ నుంచి మా బాపు లేకుండానే బయల్దేరింది.

ఆరున్నరకు లేచాడు. గడియారం చూసుకున్నాడు. సిగ్గుపడ్డాడు. పట్టీల మధ్య సందులో వేలు పెట్టి ఒక చివర నుంచి ఇంకో చివరకు మెల్లగా జరిపాడు.

"నీకు జాగ దొరుకుతదా లేదా, గదొక్కటే లెక్కేసుకుని వచ్చిన బిడ్డా," అన్నాడు, నన్ను చూడకుండా. "నువ్వు ఈడుంటే ఆడ ఇంట్ల ఎంత పోతదో గది లెక్కల తీసుకోలే." చెప్పులు తొడుక్కున్నాడు. "మంచం మంచిగున్నది. ఉండు."

నాకు ఆ చివరి మాటొక్కటే వినిపించింది. మిగతాదంతా చెవిలో పడింది కానీ లోపలికి పోలేదు. ఒక్క అరుపు అరిచి, మంచం ఒక కొస ఎత్తేశాను. అమ్మాయిలు మిగతా మూడు కొసలూ పట్టారు, ఇప్పుడు వాళ్లూ నవ్వుతున్నారు. మెట్ల మలుపుల్లో తిప్పుతూ, గోడల సున్నం గీకుతూ మూడో అంతస్తుకు చేర్చాం. మిగతా ఆరింటి పక్కన తోస్తే సరిగ్గా పట్టింది. దానిమీద ఎక్కి ఒకసారి పడుకుని, రెండు పక్కలా చేతులు చాపి, గోదావరి అమ్మాయి చేత తిట్టు తిని, అప్పుడు బాపు గుర్తొచ్చి కిందికి పరిగెత్తాను.

సెల్లార్‌లో చాచా ఒక్కడే పొట్టు ఊడుస్తున్నాడు. నా పెట్టె మెట్ల దగ్గర నిలబెట్టి ఉంది.

"పోయిండు బేటా," అన్నాడు. "నువ్వు దిగొస్తవని జర సేపు నిలబడ్డడు."